పొగ లేని చోట పరిశీలన అక్కర్లేదా?

అనంతపురం జిల్లాలో రేపు ఎవరైనా 500 మెగావాట్ల గ్యాస్ విద్యుత్ కేంద్రం పెడతామని ముందుకొస్తే ఏయే మెట్లు ఎక్కాలో చట్టం వరసగా చెప్పింది. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద కేంద్రం 2006 సెప్టెంబర్ 14న జారీచేసిన నోటిఫికేషన్ ప్రకారం అది ‘ఏ’ కేటగిరీ ప్రాజెక్టు. ఏమేం పరిశీలించాలో ఢిల్లీలోని నిపుణుల కమిటీ ముందే ఖరారు చేయాలి. చుట్టూ పది కిలోమీటర్ల మేర గాలి, నీరు, నేల, పంట, పశుపక్ష్యాదులు, ఊళ్ల స్థితిగతులు ఎలా ఉన్నాయో నమోదు చేయాలి. ముసాయిదా నివేదిక తయారయ్యాక దాని సారాంశాన్ని తెలుగులో అందుబాటులో ఉంచాలి. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇచ్చి, ప్రాజెక్టు వచ్చే చోటే ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. కలెక్టర్ గానీ, అదనపు జిల్లా మెజిస్ట్రేట్ హోదాకు తగ్గని అధికారి గానీ దానికి అధ్యక్షత వహించాలి. మొత్తం వీడియో తీయాలి. ఇన్నీ దాటుకుని వచ్చిన అనుమతి తప్పనిపిస్తే ఊరివాళ్లు 30 రోజుల్లో జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు.

అదే జిల్లాలో 1,500 మెగావాట్ల సౌర పార్కు పెడతామంటే వీటిలో ఒక్క మెట్టూ ఎక్కనక్కర్లేదు. అటవీ భూమి జోలికి వెళ్తే అటవీ అనుమతి కావాలి గానీ, పర్యావరణ అనుమతి ప్రస్తావనే రాదు. 2006 నోటిఫికేషన్ జాబితాలో సౌర విద్యుత్తు లేదు, పవన విద్యుత్తు లేదు. సౌర ప్రాజెక్టులకు ఆ నోటిఫికేషన్ వర్తించదని కేంద్ర పర్యావరణ శాఖ తర్వాత విడిగా స్పష్టం చేసింది కూడా. 2016లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పరిశ్రమలకు రంగులు కేటాయించినప్పుడు ఈ రెండూ ‘తెలుపు’ కేటగిరీలో చేరాయి. అంటే కాలుష్యం దాదాపు లేనివి. కాలుష్య నియంత్రణ మండలికి ఒక ముక్క తెలియజేస్తే చాలు.

పొగ సంగతి వరకు ఇది సబబే. సౌర పలకకు పొగగొట్టం ఉండదు, గాలిమరకు బూడిద చెరువు ఉండదు. భూతాపం పెరుగుతున్న కాలంలో ఈ రెండూ మనకు కావాలి. వర్షం తక్కువ, ఎండ ఎక్కువ, కొండల మీద గాలి నిలకడ. ఇన్నేళ్లుగా శాపాలుగా భరించిన ఈ మూడింటినీ ఆదాయంగా మార్చుకునే హక్కు అనంతపురానికి ఉంది. ఆ హక్కును కాదనేవాళ్లెవరూ లేరు. కానీ ఈ పీఠభూమిలో అన్నిటికంటే అరుదైనవి నీళ్లు, ఊరుమ్మడి నేల. గ్యాస్ కేంద్రానికి చేసే పరిశీలన నీళ్లను పైపైన చూసి సరిపెడుతోంది. సౌర, పవన ప్రాజెక్టులకు పరిశీలనే లేదు కాబట్టి ఊరుమ్మడి నేల లెక్కలోకే రావడం లేదు. ప్రాజెక్టు ఏ ఇంధనంతో నడుస్తుందన్న దాన్ని బట్టి కాకుండా ఏ వనరును ఎంత తీసుకుంటుందన్న దాన్ని బట్టి పరిశీలన జరగాలి. కరువు సీమకు ఇదొక్కటే సరైన కొలత.

అంకెల్లోనే చూద్దాం. ఈ ఎండలో 1,500 మెగావాట్ల సౌర పార్కు ఏడాదికి సుమారు 315 కోట్ల యూనిట్లు ఇస్తుంది. 500 మెగావాట్ల గ్యాస్ కేంద్రం సామర్థ్యంలో 75 శాతం మేర నడిస్తే ఇచ్చేది 328 కోట్ల యూనిట్లు. ఇంచుమించు సమానం. ఈ కరెంటుకు ఒక్కొక్కటి ఏం అడుగుతుంది?

గ్యాస్ కేంద్రంలో టర్బైన్ నుంచి వచ్చే వేడితో ఆవిరి పుట్టించి, దాంతో రెండో టర్బైన్‌ను తిప్పుతారు. ఆ ఆవిరిని మళ్లీ నీరుగా చల్లబరచడానికి కూలింగ్ టవర్ వాడితే యూనిట్‌కు ముప్పావు లీటరుకు పైగా నీరు గాల్లో కలిసిపోతుంది. బొగ్గు కేంద్రంతో పోలిస్తే ఇది మూడో వంతే. అయినా లెక్క కడితే రోజుకు 70 లక్షల లీటర్లు. జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్లని పెట్టిన ప్రమాణంతో చూస్తే లక్షా 27 వేల మందికి సరిపడే నీళ్లు. ఏడాది మొత్తానికి టీఎంసీలో పదో వంతు కూడా కాదు కదా, తుంగభద్ర ఎగువ కాలువకు 32.5 టీఎంసీల కేటాయింపు ఉంది కదా అని ఎవరైనా అనవచ్చు. కేటాయింపు కాగితం మీద ఉంటుంది. పూడిక పేరుకుని తుంగభద్ర జలాశయం 133 టీఎంసీల నుంచి 105 టీఎంసీలకు కుంచించుకుపోయింది. వాటా నీళ్లు పూర్తిగా అందని ఏడాదే కాలువ కింద మామూలు. విద్యుత్ కేంద్రానికి ఏప్రిల్‌లోనూ నీళ్లు కావాలి, మే నెలలోనూ కావాలి. ఊళ్లలో ట్యాంకర్ కోసం బిందెలు వరస కట్టేదీ ఆ రెండు నెలల్లోనే.

ఎండకు ఇంకో దెబ్బ కూడా ఉంది. గ్యాస్ టర్బైన్ల సామర్థ్యాన్ని సముద్ర మట్టం దగ్గర, 15 డిగ్రీల సెల్సియస్ వద్ద లెక్కగట్టి చెబుతారు. అంతకు పైన వేడి ఒక్కో డిగ్రీ పెరిగిన కొద్దీ ఉత్పత్తి అర శాతం నుంచి ఒక శాతానికి కాస్త తక్కువ దాకా పడిపోతుంది. వేడి గాలి పలుచన కావడమే కారణం. సముద్ర మట్టానికి మూడు వందల మీటర్లకు పైన, 40 డిగ్రీలు దాటే వేసవిలో ఇదే యంత్రం తన పూర్తి శక్తి ఎన్నడూ చూపలేదు. లోపలికి వెళ్లే గాలిని నీటితో చల్లబరిస్తే కొంత మెరుగే, కానీ అందుకు మళ్లీ నీళ్లే కావాలి. నీటికి బదులు గాలితోనే ఆవిరిని చల్లబరిచే పద్ధతి ఉంది. దాంతో నీటి ఖర్చు దాదాపు ఉండదు. ఖర్చు పెరుగుతుంది, వేసవి మధ్యాహ్నం ఉత్పత్తి ఇంకా తగ్గుతుంది. ఇక కార్బన్ డయాక్సైడ్ ఏడాదికి సుమారు 12 లక్షల టన్నులు. బొగ్గుతో ఇదే కరెంటు తీస్తే అంతకు రెండున్నర రెట్లు. అయితే గొట్టాల్లో లీకయ్యే మీథేన్ ఇరవై ఏళ్ల వ్యవధిలో కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుంది కాబట్టి, గొట్టం బిగువును బట్టే గ్యాస్ మంచితనం తేలుతుంది.

సౌర పార్కు దగ్గరికొస్తే, 1,500 మెగావాట్లకు దాదాపు 45 లక్షల పలకలు. ఒక్కోదాన్ని కడగడానికి రెండు లీటర్లనుకుని, నెలకు రెండుసార్లు కడిగినా ఏడాదికి 22 కోట్ల లీటర్లు దాటదు. గ్యాస్ కేంద్రం తాగే నీటిలో పన్నెండో వంతు. నీళ్ల దగ్గర, గాలి దగ్గర సౌరమే నెగ్గుతుంది, సందేహం లేదు. మెగావాట్‌కు అయిదెకరాల చొప్పున నేల మాత్రం ఏడున్నర వేల ఎకరాలు కావాలి. గ్యాస్ కేంద్రం నూటయాభై ఎకరాల్లో ఇమిడిపోతుంది. యాభై రెట్ల తేడా. గ్యాస్ నీళ్లనూ గాలినీ అడుగుతుంది, సౌరం నేలను అడుగుతుంది. చట్టం మొదటిదాన్ని తూచి చూసి, రెండోదాన్ని తూకం వేయకుండానే పంపించేసింది.

ఎందుకంటే, తీసుకునే నేల ‘బంజరు’ అన్న నమ్మకం. రెవెన్యూ రికార్డులో ఆ మాట ఉంటుంది. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం తయారుచేసే బంజరు భూముల అట్లాస్‌లోనూ ముళ్లపొదలున్న గుట్టలు, గడ్డి బీళ్లు ఆ పద్దులోనే పడతాయి. ఉపగ్రహానికి పొదగా కనిపించేది గొర్రెల కాపరికి ఎండాకాలపు మేత. వంక పుట్టేది ఆ గుట్ట మీదే. చెరువులోకి నీరు దిగేది ఆ వాలు మీదుగానే.

ఇది ఎలా ఉంటుందో చూడాలంటే చెన్నేకొత్తపల్లి, రొద్దం మండలాల మధ్యనున్న కల్పవల్లికి వెళ్లాలి. 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ, చుట్టుపక్కల ఊళ్ల రైతులు, కూలీలు, కాపరులు కలిసి అక్కడి బోడి గుట్టలను కాపాడటం మొదలుపెట్టారు. చేసిన పని చాలా సాదా. వేసవిలో మంటలు రాకుండా చూడటం, చెట్టు కొట్టనివ్వకపోవడం, మేతకు కట్టుబాట్లు పెట్టుకోవడం, వాననీరు నిలిచేలా చిన్న చిన్న అడ్డుకట్టలు వేయడం. రెండు దశాబ్దాల్లో ఏడు వేల ఎకరాలకు పైగా నేల పచ్చబడింది. వంకల వెంట ఈత చెట్లు గుబురుగా లేచాయి. ఈతాకుతో చాపలు, బుట్టలు, చీపుర్లు అల్లుకునేవాళ్లకు పని దొరికింది. ఇళ్లకు కప్పు వేసే బోద గడ్డి వచ్చింది, జీవాలకు మేత వచ్చింది. తోడేళ్లు, ఎలుగుబంట్లు, చిరుతలు తిరిగొచ్చాయి. కింద ముష్టికోవిల చెరువుకు నీళ్లు చేరాయి. ఊళ్లవాళ్లే చెట్ల పెంపకందారుల సహకార సంఘం పెట్టుకుని ఆ కొండల బాగోగులు చూసుకున్నారు.

రికార్డులో మాత్రం అదంతా రెవెన్యూ బంజరే. 2010 తర్వాత ఆ కొండల నెత్తిన పదుల సంఖ్యలో గాలిమరలు లేచాయి. గాలిమర నిలబడే చోటు చిన్నదే. దాన్ని కొండ మీదికి చేర్చడమే పెద్ద పని. బస్సు కంటే ఎన్నో రెట్లు పొడవున్న రెక్కను మలుపు తిప్పాలంటే దారి వెడల్పుగా ఉండాలి. అంత బరువు ఎక్కాలంటే వాలు తక్కువగా ఉండాలి. అందుకని వాలును అడ్డంగా కోస్తారు, శిఖరాన్ని చదును చేస్తారు, తవ్విన మట్టిని పక్కకు తోస్తారు. ఆ ఏడాది కురిసే మొదటి పెద్ద వానకు ఆ వదులు మట్టి వంకలోకి, వంక నుంచి చెరువులోకి దిగుతుంది. నీరు ఇంకే గుట్ట నీరు జారిపోయే గుట్టగా మారుతుంది. కల్పవల్లి జనం ఫిర్యాదు ఇదే. వివాదం చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. దారులు ఎటు వేయాలి, మట్టి ఎక్కడ పోయాలి, ఏ వంకను ముట్టుకోకూడదు అనే ప్రశ్నలు నిర్మాణానికి ముందే ఒక నివేదికలో, ఊరి ముందు, చర్చకు వచ్చి ఉంటే కోర్టు మెట్ల దాకా పోయేది కాదు. అవే గాలిమరలు, అదే కరెంటు, కాస్త పక్కకు జరిగిన దారులతో వచ్చి ఉండేవి.

నంబులపూలకుంట కథ ఇంకాస్త పెద్దది. అక్కడి అల్ట్రా మెగా సౌర పార్కు ఉమ్మడి అనంతపురం, కడప జిల్లాల సరిహద్దులో 1,500 మెగావాట్ల లక్ష్యంతో మొదలైంది. కేంద్ర సంస్థ సెకీ, రాష్ట్రానికి చెందిన ఏపీ జెన్‌కో, నెడ్‌క్యాప్ కలిసి పెట్టిన ఆంధ్రప్రదేశ్ సోలార్ పవర్ కార్పొరేషన్ దానికి భూమి, రోడ్లు, సబ్‌స్టేషన్లు సమకూర్చింది. 2016లో ఎన్టీపీసీ తొలి విడత 250 మెగావాట్లు అందుబాటులోకి తెచ్చింది. దేశానికి అది గర్వకారణమైన ప్రాజెక్టే. కానీ అక్కడి నేల ఖాళీగా లేదు. పట్టా భూములున్నాయి, ప్రభుత్వం పేదలకిచ్చిన డీకేటీ పట్టాలున్నాయి, ఏ కాగితమూ లేకుండా తరతరాలుగా శెనక్కాయ వేసుకుంటున్న మిట్టలున్నాయి. పట్టా ఉన్నవాడికి ఒక లెక్క, డీకేటీ వాడికి ఒక లెక్క, కాగితం లేనివాడికి మరో లెక్క. పరిహారం మీద అసంతృప్తి ఆ మండలంలో ఏళ్ల తరబడి వినిపించింది. భూమి అసలే లేని కూలీలు, జీవాలు మేపుకునేవాళ్లు ఏ జాబితాలోనూ లేరు. పర్యావరణ ప్రభావ నివేదిక అంటూ ఉంటే అందులో సామాజిక స్థితిగతుల అధ్యాయం తప్పనిసరి. వాళ్ల గురించి రాయాల్సిన ఆ ఒక్క అధ్యాయం రాయనక్కర్లేకుండా పోయింది.

పక్కనే, కర్ణాటకలోని పావగడలో ఇంకో దారి తొక్కారు. మూడు వైపులా అనంతపురం నేల చుట్టుకుని ఉండే ఆ తాలూకాలో తెలుగు మాట్లాడేవాళ్లు ఎందరో. తిరుమణి, వళ్లూరు, రాయచెర్లు వంటి అయిదు ఊళ్లలో 13 వేల ఎకరాల్లో వచ్చిన 2,050 మెగావాట్ల పార్కు కోసం భూమి కొనలేదు. ఎకరాకు ఏటా 21 వేల రూపాయలు, రెండేళ్లకోసారి అయిదు శాతం పెంపుతో కౌలుకు తీసుకున్నారు. వాన మీద ఆధారపడి అప్పులపాలైన రైతుకు అది నికరమైన రాబడి. నంబులపూలకుంట కంటే ఇది ఎంతో నయం. కానీ కౌలు భూమి ఉన్నవాడికే. ఆ పొలాల్లో కూలి చేసి బతికినవాళ్లకు, ఆ బీళ్లలో గొర్రెలు మేపినవాళ్లకు పని పోయింది, ఆ చోట ఏమీ రాలేదు. ఒప్పందం ఎంత మంచిదైనా, ఎవరెవరి బతుకు ఆ నేల మీద నిలబడి ఉందో ముందే రాసుకోకపోతే కొందరు జారిపోతారని పావగడ చూపించింది.

పక్షుల మాట కూడా చెప్పుకోవాలి. ఈ గడ్డి బీళ్లు బట్టమేక పిట్ట నివాసం. దాని కోసమే 1988లో కర్నూలు జిల్లా రోళ్లపాడులో అభయారణ్యం ఏర్పడింది. ఇప్పుడక్కడ ఆ పిట్ట జాడ దాదాపు లేదు. ముందుకు కాకుండా పక్కలకు చూసే ఆ బరువైన పక్షి ఎగురుతూ కరెంటు తీగలను తప్పించుకోలేదు. రాజస్థాన్, గుజరాత్‌లలో దాన్ని కాపాడేందుకు తీగలను భూమి లోపలికి మార్చాలని సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్‌లో ఆదేశించింది. అన్నిచోట్లా అది సాధ్యం కాదని తేలాక 2024లో సవరించింది. వేల కోట్ల ప్రాజెక్టులు కట్టాక తీగలు మార్చడం ఎంత కష్టమో ఆ కేసే చెబుతుంది.

పరిశీలన జరిగిందంటే అంతా సవ్యంగా జరిగినట్టు కాదు. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో థర్మల్ కేంద్రానికి పర్యావరణ అనుమతి వచ్చింది. బీల అని స్థానికులు పిలిచే చిత్తడి నేలను, ఊళ్లకు చేపలూ మేతా నీళ్లూ ఇచ్చే నేలను, కాగితాల్లో పనికిరాని భూమిగా చూపించారు. 2010 జులై 14న నిరసన తెలుపుతున్న జనం మీద కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ అనుమతిని రద్దు చేసింది. ‘బంజరు’ అన్న ముద్ర శ్రీకాకుళం చిత్తడిలోనూ, అనంతపురం మిట్టలోనూ చేసిన పని ఒకటే.

కృష్ణా, గోదావరి తీరాల గ్యాస్ కేంద్రాలు ఇంకో పాఠం. జేగురుపాడు, వేమగిరి, కొండపల్లి, కోనసీమ. కృష్ణా గోదావరి బేసిన్‌లో గ్యాస్ పుష్కలమన్న ధీమాతో వరసగా కట్టారు. 2009 ఏప్రిల్‌లో మొదలైన, ఆ బేసిన్‌లోని డీ6 క్షేత్రపు ఉత్పత్తి ఏడాది గడిచేసరికి శిఖరాన్ని తాకి, తర్వాత జారిపోయింది. 2013 మార్చి నాటికి ఆ క్షేత్రం నుంచి విద్యుత్ కేంద్రాలకు గ్యాస్ పూర్తిగా ఆగింది. సామర్లకోటలో 2,400 మెగావాట్లకు తలపెట్టిన కేంద్రం గ్యాస్ లేక నడవనే లేదు. అక్కడి యంత్రాల్లో కొన్ని చివరకు బంగ్లాదేశ్‌లోని మేఘ్‌నాఘాట్‌కు తరలిపోయాయి. దేశం మొత్తం మీద 14,305 మెగావాట్ల గ్యాస్ కేంద్రాలు ఇలా చిక్కుకుపోయాయని 2019లో పార్లమెంటరీ స్థాయీ సంఘం నమోదు చేసింది. వీటికీ పర్యావరణ అనుమతులున్నాయి. ఇంధనం ఎక్కడి నుంచి, ఎన్నేళ్లు, ఏ ఒప్పందం మీద వస్తుందన్నది ఆ పరిశీలనలో గట్టిగా అడిగిన ప్రశ్న కాదు. నేల పోయింది, కరెంటు రాలేదు.

గొట్టం సంగతి ఇంకా ఘోరం. 2014 జూన్ 27 తెల్లవారుజామున తూర్పు గోదావరి జిల్లా నగరం గ్రామంలో గ్యాస్ పైప్‌లైన్ పేలి ఇరవై మందికి పైగా కాలిపోయారు. తాటిపాక నుంచి కొండపల్లి విద్యుత్ కేంద్రానికి గ్యాస్ తీసుకెళ్లే గొట్టమది. తేమ తీసేయని గ్యాస్ పంపడంతో లోపలి నుంచి తుప్పు పట్టింది. ప్లాంటు అనుమతి కాగితాల్లో ఈ గొట్టం ఒక పేరా. మామూలు ఊళ్ల గుండా వెళ్లే గ్యాస్ పైప్‌లైన్‌కు విడిగా పర్యావరణ అనుమతి అవసరమే లేదు. జాతీయ పార్కు, అభయారణ్యం వంటి సున్నిత ప్రాంతాల గుండా వెళ్తేనే 2006 నోటిఫికేషన్ దాన్ని పట్టించుకుంటుంది. మనుషులుండే ఊరు ఆ జాబితాలో లేదు. తీరం నుంచి అనంతపురం దాకా గొట్టం వేయాలంటే అది దాటాల్సిన ఊళ్లెన్నో ఊహించుకోవచ్చు.

కరువు సీమలో ఈ పరిశీలనకు ఇంకో పెద్ద లోపం ఉంది. నివేదిక కోసం వివరాలు సేకరించేది ఒక్క రుతువులో, మూడు నెలలు, అదీ వానాకాలం కాకుండా. తీరంలో ఇది కొంత సరిపోవచ్చు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ నేలలో సగటు అనేది పేరుకే. రెండేళ్లు ఎండి, మూడో ఏడు సెప్టెంబర్‌లో ఒక్క తుఫానుకు చెరువులు మరవ పారతాయి. అలాంటి ఏడాది డిసెంబర్‌లో కొలతలు తీస్తే బోర్లన్నీ నిండుగా ఉంటాయి, నివేదికలో నీళ్లకు ఢోకా లేదని వస్తుంది. మూడేళ్ల తర్వాత ఆ బోర్లే గాలి కక్కుతాయి. రాష్ట్ర భూగర్భ జల శాఖ ప్రతి మండలంలో నీటిమట్టాన్ని ఏళ్ల తరబడి కొలుస్తూనే ఉంది. ఆ పదేళ్ల లెక్కలు తీసి, అత్యంత కరువు ఏడాదిలో ఈ ప్రాజెక్టు పక్కనే ఊరు బతకగలదా అని అడగడం కష్టమేమీ కాదు. 2002లో వచ్చిన వాల్టా చట్టం భూగర్భ జలాన్ని అతిగా తోడిన గ్రామాల్లో కొత్త బోర్లకు అడ్డు చెబుతుంది. రైతుకు వర్తించే ఆ చట్టం ప్రాజెక్టుకూ వర్తించాలి.

నివేదిక రాసే కన్సల్టెంట్‌ను ఎంపిక చేసేది, డబ్బులిచ్చేది ప్రాజెక్టు పెట్టేవాళ్లే. వందల పేజీల పూర్తి నివేదిక ఇంగ్లీషులో ఉంటుంది, తెలుగులో వచ్చేది సారాంశం మాత్రమే. తన ఊరి వంక పేరు ఆ నివేదికలో ఉందో లేదో కాపరికి తెలిసే దారి లేదు. రెండూ మార్చదగినవే. ఫీజును ఒక ఉమ్మడి నిధిలో జమ చేయించి, కన్సల్టెంట్‌ను కాలుష్య నియంత్రణ మండలి కేటాయించవచ్చు. పూర్తి నివేదిక తెలుగులో ఇవ్వడానికి అయ్యే ఖర్చు ప్రాజెక్టు వ్యయంలో లెక్కలోకి రాదు.

జాప్యం అవుతుందన్న అభ్యంతరం తేలిగ్గా తీసిపారేసేది కాదు. 2030 నాటికి శిలాజేతర వనరుల నుంచి 500 గిగావాట్ల సామర్థ్యం సాధించాలన్నది దేశ లక్ష్యం. 2024 అక్టోబర్‌లో ప్రకటించిన రాష్ట్ర సమీకృత స్వచ్ఛ ఇంధన విధానం 160 గిగావాట్లు అంటోంది. అందులో సౌరం 78.5 గిగావాట్లు. అంత నేలలో పెద్ద భాగం రాయలసీమదే అవుతుంది. గుంతకల్లు నియోజకవర్గంలోని బేతపల్లిలో 22 వేల కోట్ల రూపాయల పెట్టుబడితో సౌరం, పవనం, బ్యాటరీలు కలిపిన భారీ సముదాయానికి 2025 మేలో శంకుస్థాపన జరిగింది. సాయంత్రం ఆరు దాటాక కరెంటు ఎక్కడి నుంచి అన్న ప్రశ్నకు గ్యాస్ బదులు బ్యాటరీ జవాబు కావడం ఈ నీళ్లు లేని నేలకు నిజంగా మంచి కబురు. కానీ ఇంత వేగంగా ఇంత నేల చేతులు మారుతున్నప్పుడు ప్రాజెక్టులను ఒక్కొక్కటిగా చూస్తే చాలదు. ఒకే మండలంలో సౌర పార్కు, పక్క గుట్ట మీద గాలిమరలు, మధ్యలో 400 కేవీ లైను, సబ్‌స్టేషన్. విడివిడిగా ప్రతిదీ చిన్నదే, అన్నీ కలిస్తే ఊరికి మేత భూమి మిగలదు. ఈ మొత్తాన్ని కలిపి చూసే అంచనా మండలం స్థాయిలో ఒకసారి జరిగితే ఆ తర్వాతి ప్రతి ప్రాజెక్టుకూ సమయం కలిసొస్తుంది.

జాప్యం ఎక్కడ జరుగుతుందో అనుభవం చెబుతూనే ఉంది. సోంపేటలో కొన్ని నెలల నిజాయితీ పరిశీలన చేయనందుకు ప్రాజెక్టే పోయింది. కల్పవల్లి వివాదం ట్రిబ్యునల్‌లో నలిగింది. బట్టమేక పిట్ట కేసు ఏళ్ల తరబడి నడిచింది. నాలుగు నెలల గడువులో ముగిసే భూ, జల పరిశీలన వీటి ముందు ఏ మాత్రం ఆలస్యం కాదు. గ్యాస్ కేంద్రానికి అడిగే గాలి నమూనాలు, పొగగొట్టం లెక్కలు సౌర పార్కుకు అక్కర్లేదు. అవి లేకుండా కుదించిన నివేదిక సరిపోతుంది.

దీనికి ఢిల్లీ నోటిఫికేషన్ మారే దాకా ఆగనక్కర్లేదు. భూమి ఇచ్చేది రాష్ట్ర ప్రభుత్వం. సౌర, పవన ప్రాజెక్టులకు నోడల్ సంస్థ నెడ్‌క్యాప్. అయిదు వందల ఎకరాలు దాటిన ప్రతి ప్రాజెక్టుకూ కేటాయింపుకు ముందు ఏం చేయాలో ప్రభుత్వమే షరతులు పెట్టవచ్చు. ఊరుమ్మడి మేత భూములు, వంకలు, చెరువు పరీవాహక వాలు, ఈత వనాలు, కాగితం లేని సాగు, ఏటా వచ్చి పోయే గొర్రెల మందల దారులు గ్రామసభలో పటం మీద గుర్తించి రాయాలి. చెరువులోకి నీరు దిగే వాలును పలకలకు, దారులకు మినహాయించాలి. పలకలు కడగడానికి భూగర్భ జలం వాడకూడదు, నీరు లేకుండా తుడిచే యంత్రాలు వాడాలి. కౌలులో కొంత వాటా భూమి లేని కుటుంబాలకు, పంచాయతీకి చేరాలి. ఎవరైనా గ్యాస్ కేంద్రంతో వస్తే గాలితో చల్లబరిచే పద్ధతి తప్పనిసరి చేయాలి, ఇంధన ఒప్పందం ముందే చూపించమనాలి, గొట్టం దారి మొత్తాన్ని అదే నివేదికలో, అదే ప్రజాభిప్రాయ సేకరణలో చేర్చాలి.

అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల కలెక్టర్లు తమ మండలాల్లో ఇప్పటిదాకా కేటాయించిన, కేటాయింపు కోసం అడుగుతున్న భూములన్నిటి పటాన్ని తెలుగులో ప్రజల ముందు పెట్టడంతో ఈ పని మొదలుపెట్టవచ్చు. బేతపల్లి సముదాయపు తర్వాతి దశలకు, ఆ వెనక వచ్చే ప్రతి ప్రాజెక్టుకు పై షరతులను భూమి అప్పగించే జీవోలోనే రాయించాలి. రెండు జిల్లాల శాసనసభ్యులు వచ్చే సమావేశాల్లో ప్రభుత్వాన్ని అడగాల్సింది ఇదే.